రెండు ముళ్ల నల్లదారం

కురుగోడు
6 నవంబరు 2023

రోహిణికి,

ముందు ఒక తప్పు దిద్దుతాను. క్షేమసమాచారం తర్వాత.

"నువ్వు గూడా ట్యూషన్ చెప్పేటప్పుడు ఊరి పిల్లలకొక ఫీజు, బయటి పిల్లలకొక ఫీజు తీసుకుంటాంటివి గదవ్వా" అని రాసినావు. తీసుకున్న మాట నిజమే. కానీ నువ్వనుకున్నట్టు కాదు, తలకిందులు. ఊరి పిల్లలకి నెలకు పదిహేను రూపాయలు, తెక్కలకోట నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలకి పది. బయటి పిల్లలు చెప్పిన లెక్క చేసుకుని పోయేవాళ్లు. ఊరి పిల్లలు లెక్క చేసి, మా పెరట్లో జామకాయలు తిని, గోడ మీద బొగ్గుతో నా బొమ్మ గీసి పోయేవాళ్లు. ఆ అయిదు రూపాయలు సున్నం ఖర్చు. ముక్కు మాత్రం ప్రతి ఏడూ ఒకే మాదిరి గీసేవాళ్లు, అందులో ఏ ఫిర్యాదూ లేదు.

కాబట్టి హంపికి ఏటి అవతల మీ ఆయన వివేక్ స్కూటర్లు అద్దెకిచ్చే అంగడిలో మన వాళ్లకి రెండు నూర్లు, తెల్ల వాళ్లకి ఎనిమిది నూర్లు తీసుకుంటే, దానికి నన్ను సాక్షిగా పిలవొద్దు. నేను ఎక్కువ తీసుకున్న వాళ్లు పక్క వీధిలోనే ఉండేవాళ్లు. పొద్దున లేస్తే వాళ్ల అమ్మలు నా మొహాన అడిగేవాళ్లు. మీ గిరాకీలు ఏ అమ్మతో అడిగిస్తారు?

ఇక క్షేమం. చెవులు మునుపటి మాదిరే. ఫోన్ చేయొద్దు. నాకు నీ గొంతు రాదు, డబ్బాలో గులకరాళ్ల చప్పుడు వస్తుంది. కాగితమే మేలు. మన గంగావతి బస్సు కండక్టర్ కొట్రేశ్ రోజూ మీ ఊరి మీదుగానే పోతాడు కాబట్టి స్టాంపు ఖర్చు కూడా లేదు. వాడి చేతికే అన్నంలోకి గురెళ్ల పొడి పంపుతున్నాను. డబ్బా మూత వాడు తీసిన గుర్తు ఉంటే రాయి.

నీ అవ్వ
రామక్క
(రిటైరయినాను గానీ ఎర్ర పెన్ను ఎండిపోలేదు)


10 నవంబరు

అవ్వకి దండాలు. నీ ఎర్ర పెన్నుకీ దండాలు.

పొడి చేరింది. మూత బాగనే ఉండాది, పొడి మాత్రం నాలుగు చెంచాలు తగ్గింది. కొట్రేశన్న మీసం మీద చూసినా, దొరకలే.

అవ్వా, మేం చేసేది మోసం మాదిరి రాసినావు. గుడి కాడ సర్కారే రెండు టికెట్లు పెట్టిండాది. మన వాళ్లకొకటి, ఫారిన్ వాళ్లకి దానికి పదింతల పైన. సర్కారు తీసుకుంటే చట్టము, మేం తీసుకుంటే పాపమా? వాళ్ల దేశంలో ఒక కాఫీ ధరకి ఈడ దినమంతా బండి తిరుగుతారు. ఎవురూ ఏడ్చుకుంటా ఇయ్యలే.

ఇంకోటి చెప్తా, విని నవ్వు. మా రోడ్డు మీద పదకొండు అంగళ్లు ఉండాయి. టెంకాయల బండి, టోపీల అంగడి, హొన్నూరప్ప టీ అంగడి, ఏట్లో పుట్టి తిప్పే వాళ్లు, కొండ కింద హరిబాబన్న రిసార్టు, ఇట్ల. హరిబాబన్నే మాకందరికీ యూనియన్ పెద్ద. మా అంగడి ఉండేది గూడా ఆయన జాగాలోనే. ఏమయితాండెనంటే, అడిగినంత ఇచ్చేదెవురో, బేరమాడి గలాటా చేసేదెవురో తెలియక అందరూ తికమక పడతాండ్రి. అప్పుడొక ఉపాయం తట్టింది. మా బండి అద్దానికి నల్లదారం కట్టి ఇస్తాము. దిష్టికి అని చెప్తాము. వాళ్లకి అదంటే ఎంత ఇష్టమో! దారంతో ఫోటోలు తీసుకుంటారు. దారం ఉంటే అడిగినంత ఇచ్చే మనిషని అర్థము. లేకుంటే బేరమాడే మనిషి. గుంపులో ఎంత మందుంటే అన్ని ముళ్లు, ప్రతి బండికీ. పుట్టి వాళ్లు జాగా చూసి పెట్టుకుంటారు, హోటెల్ వాళ్లు అన్నం వండి పెట్టుకుంటారు. ఎవురినీ ఏమీ అడిగే పనే లే.

బాగలేదా?

నీ రోహిణి


కురుగోడు
14 నవంబరు

రోహిణికి,

నవ్వమన్నావు. మూడు ముళ్లు వేస్తే ఆ బండికి పెళ్లయినట్టా అని ఒకసారి నవ్వినాను. అంతే, తర్వాత రాలేదు.

సర్కారు సంగతి. సర్కారు తన రెండు ధరలనీ మనిషంత బోర్డు మీద రాసి, కౌంటర్ పక్కన నిలబెట్టి తీసుకుంటుంది. ఇష్టం లేనివాడు బోర్డు చదివి వెనక్కి పోవచ్చు. మీరు అదే మాట దారం మీద రాసి, చదవడం రాని మనిషి చేతికిచ్చి ఊరంతా తిప్పుతున్నారు. పైగా దిష్టికి అంటున్నారు. తేడా తెలియకపోతే మళ్లీ రాయి, మళ్లీ చెప్తాను. నాకు అదే ఉద్యోగం.

మా నాయన చెప్పిన ఒక సంగతి. ఈ ఊరి గొర్రెల సంతలో ఒక దలారి ఉండేవాడు. పొద్దున్నే వచ్చి, వంద గొర్రెల వీపులు ఒత్తి చూసి, బలిసిన వాటికి ఎర్ర రంగు పూసేవాడు. ఇవి నావి, వీటికి ఇంకెవరూ బేరం ఆడొద్దు అని దాని అర్థం. ఒక ఏడు సంత ముగిసేసరికి పదహారు గొర్రెలు మాయం. పదహారుకీ ఎర్ర మచ్చే. మిగతా వాటిని ఎవరూ ముట్టలేదు. దొంగలకి ఏరుకునే శ్రమ లేకుండా దలారే పూటంతా ఏరి పెట్టినాడు. గుర్తు పెట్టే చేయి ఒకటే ఉంటుంది పాపా, దాన్ని చదివే కళ్లు ఎన్నని లెక్క ఉండదు.

ఒక ముడి అంటే ఏమిటి? ఈ మనిషి దగ్గర డబ్బుంది, అడిగితే ఎదురు చెప్పదు, వెంట ఎవరూ లేరు. ఇంత పెద్ద వాక్యాన్ని ఇంత చిన్న దారం మీద రాయడం నా పిల్లల్లో ఎవరికీ చేతకాలేదు. వివేక్‌కి ఇంత తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? యశ్వంతనగర్‌లో వాళ్ల నాయన ఖనిజం లారీలకి దొంగ నంబర్లు రాయించేటప్పుడు నేర్చుకున్నాడేమో.

ఆ పదకొండు అంగళ్లలో ముడి చదవడం ఎందరికి తెలుసో రాయి. వాళ్ల అన్నదమ్ములకి, వాళ్ల దగ్గర కూర్చుని పొద్దుపుచ్చే వాళ్లకి ఎందరికి తెలుసో కూడా. నీకు చేతకాకపోతే కొట్రేశ్‌నే చూసి రమ్మంటాను.

మిరపకాయలు ఆరబెట్టినాను. తుమ్ములతో వీధి వీధంతా నన్ను తలుచుకుంటోంది.

అవ్వ


20 నవంబరు

అవ్వకి,

నాలుగు దినాలు కోపంతో రాయలే. ఇప్పుడూ కోపమే, అయినా రాస్తాండా.

మా గిరాకీలని గొర్రెలన్నావు. నా మొగుడ్ని దలారి అన్నావు, దొంగ అనేదొకటే తక్కువ. తెలుసుకో అవ్వా, ఆ దారం ఉపాయం వివేక్‌ది కాదు, నాది. ముళ్లు వేసేదీ నేనే. నీ మనవరాలి తెలివి. ఇప్పుడు ఖనిజం లారీలని తిట్టు చూస్తాము.

ఇంకోటి. కొట్రేశన్నతో ఏం చెప్పినావు? ఆయప్ప మొన్న హొన్నూరప్ప టీ అంగట్లో కూర్చుని, "ఈ దారం లెక్క మీలో ఎవురెవురికి తెలుసప్పా, మా రామక్క టీచర్ అడిగి రమ్మన్యాది" అని అందరి ముందర అడిగినాడంట. సాయంత్రానికి రోడ్డంతా ఏమంటాండారో తెలుసా? రోహిణి వాళ్లవ్వ పోలీసులకి అర్జీ రాస్తాందంట అని. వివేక్ నాతో రెండు దినాలు మాట్లాడలే. "మీ అవ్వకి ఇంటి గుట్టు కాగితంలో పెట్టి పంపిస్తాండావా" అన్యాడు.

నువ్వడిగినదానికి జవాబు: తెలియదు. మొదుట్లో పదకొండు మందికే తెలుసు. ఇప్పుడు ఆటోల వాళ్లకీ తెలుసు.

కొండ మీద ఒక జర్మనీ ఆయనది కెమెరా సంచి పోయింది. ఆ తర్వాత ఒక పాపది డబ్బుల పర్సు. ఇద్దురికీ ఒక ముడే, నిజమే. అంతమాత్రానికి ఏదేదో అనుకోవద్దు. ఆ కొండ మీద కోతులు జాస్తి.

రోహిణి


కురుగోడు
25 నవంబరు

రోహిణికి,

ఉపాయం నీదా! అయితే ఖనిజం లారీలకి నా క్షమాపణలు చెప్పు. కొట్రేశ్‌కి చూసి రమ్మని చెప్పినాను, అడిగి రమ్మని కాదు. వాడిని ఆరో తరగతిలో రెండేండ్లు కూర్చోబెట్టింది నేనే, ఇప్పుడు అనుభవిస్తున్నాను. అర్జీ ఏదీ రాయలేదు. ఆ మాట వివేక్‌తో చెప్పు, నమ్మకపోతే నా మీద ఒట్టేసి చెప్పు.

కోతుల సంగతి. కెమెరా సంచి ఎత్తుకుపోయిన కోతి ఉంటే ఉండొచ్చు. కానీ పర్సులో పాస్‌పోర్టు వదిలేసి డబ్బు మాత్రమే తీసుకుపోయిందని కొట్రేశ్ చెప్పినాడు. అంత చదువుకున్న కోతి ఏ బడిలో చదివిందో కనుక్కో.

దారం పూర్తిగా మానెయ్యి అందామని కాగితం మొదలుపెట్టినాను. తర్వాత ఆలోచించినాను. మానేస్తే ఆ హరిబాబుకి కోపం. జాగా ఆయనది. మీరు నాలుగేండ్లు కష్టపడి మూడు గదులు, ఎనిమిది బండ్లు చేసుకున్నారు. అందుకని పాము చావకుండా, కట్టె విరగకుండా ఒక ఉపాయం చెప్తాను. ఒక ముడి ఎవరికీ వేయొద్దు. ఒంటరిగా వచ్చిన వాళ్లకి కూడా రెండు ముళ్లు వెయ్యి. చూసినవాడు ఇద్దరున్నారు, రెండో మనిషి వెనకాల వస్తోందనుకుంటాడు. మీ ధరలకు దెబ్బ తగలదు, వాళ్లకూ తగలదు. వివేక్‌కి కూడా చెప్పకు.

నలభై ఏండ్లు లెక్కలు చెప్పినాను. ఒకటి కూడితే సరిపోయే లెక్క ఇది.

అవ్వ


5 డిసెంబరు

అవ్వకి దండాలు, ఈసారి నిజంగా.

నీ లెక్క పనిచేసింది! పది దినాలుగా ఒక్క సంచి గూడా పోలే. ఒంటరిగా వచ్చినోళ్లందరికీ రెండు ముళ్లే వేస్తాండా. వివేక్ చూడలే.

మా నడిమి గదిలో ఒకామె దిగింది. ఇలోనా అని, హంగేరీ దేశము. అరవై మూడేండ్లు. నీ మాదిరే, ఆమె గూడా లెక్కల టీచరు, రిటైరయింది! జనవరి దాకా ఉంటుందంట. తెల్లారే లేచి రాళ్ల మధ్యలో నడిచొచ్చి, చెట్టుకింద కూర్చుని ఏవో అంకెలు రాసుకుంటుంది. నీ సంగతి చెప్తే చూడాల్సిందే అంటాది. ఆదివారం తీసుకొస్తా. రాగిముద్ద చేయొద్దు, మొన్న మింగలేక కండ్లనీళ్లు పెట్టుకున్యాది. అయినా బాగుంది అన్యాది పాపం.

నిన్న హరిబాబన్న వచ్చినాడు. ఎప్పుడూ రాని మనిషి. వసారాలో మంచం మీద కూర్చుని టీ తాగినాడు. బండ్ల దిక్కు చూసి, "ఏంది పాపా, ఈ నడుమ అందరూ జంటలుగానే వస్తాండారే! దేవుడు చల్లగా చూస్తాండాడు" అని నవ్వినాడు. వివేక్ నా మొహం చూసినాడు. పోతా పోతా నిన్ను అడిగినాడు. "మీ అవ్వకి చెవులు వినబడవంట గదా. అదృష్టవంతురాలు" అన్యాడు.

మంచిగనే అన్యాడు. అయినా ఎందుకో టీ గ్లాసు రెండుసార్లు కడిగినా.

రోహిణి


కురుగోడు
12 డిసెంబరు

రోహిణికి,

మీరు వచ్చి పోయినాక ఇల్లు రెండు రోజులు ఖాళీగా అనిపించింది. ఇది పొగడ్త, దాచుకో.

ఇలోనా నాకు నచ్చింది. నాకు చెవులు లేవు, ఆమెకు తెలుగు లేదు, ఇద్దరం నోటుబుక్కులో ఇంగ్లీషు రాసుకుంటూ మూడు గంటలు కూర్చున్నాం. ఇంత శాంతంగా నేను ఏ మనిషితోనూ మాట్లాడలేదు. ఆమె ఒక లెక్క ఇచ్చింది, నేను చేసినాను. నేనొకటి ఇచ్చినాను, ఇంకా చేస్తూ ఉంటుంది.

నువ్వు దండెం మీద బట్టలు తీస్తూ ఉన్నావు, గాజుల సంగతి నీకు తెలియదు. మన ఎదురింటి యశోదమ్మ అంగట్లో డజను గాజులకి ఆమెను నాలుగు నూర్లు అడిగింది. నేను కళ్లద్దాల మీదుగా చూసినాను. అరవై అయింది. ఇలోనా నవ్వి, నోటుబుక్కులో రాసింది: ఈ అంగట్లో రోజుకి ఎంత మిగులుతుంది? నేను రాసినాను. ఆమె నూరు ఇచ్చింది. "తెలిసి ఎక్కువ ఇవ్వడం నాకు ఇష్టం. తెలియకుండా తీసుకుంటే నన్ను మనిషి కింద లెక్క వేయనట్టు" అని రాసింది. యశోదమ్మకి చదివి చెప్పినాను. "అట్లయితే మూడు నూర్లు తెలిసే ఇమ్మను" అని నా చెవిలో అరిచింది. ఈ వీధికి జ్ఞానోదయం ఇంకా కాలేదు.

పోయే ముందు స్కూటర్ అద్దం దగ్గర నిలబడి దారం చూపించింది. రెండు ముళ్లు ఎందుకు అని రాసింది. నేను ఒక మాట రాసి కొట్టేసినాను. తర్వాత "అదృష్టానికి" అని రాసినాను. ఆమె దారాన్ని ముద్దు పెట్టుకుంది.

హరిబాబు మాట నాకు మింగుడు పడలేదు. జంటలని లెక్కపెట్టినవాడు ఏదో ఒక రోజు రెండో మనిషి ఏదని చూస్తాడు. ఇంకో ఉపాయం ఆలోచిస్తున్నాను. వారంలో రాస్తాను. అప్పటి దాకా ఇట్లే నడవనీ.

అవ్వ


19 డిసెంబరు

అవ్వా,

ఆగకుండా రాస్తాండా. అర్థం కాకుంటే రెండుసార్లు చదువుకో.

ఆదివారం పొద్దున బండెక్కి పోయిన ఇలోనా సాయంత్రానికి రాలే. సోమవారం అరటి తోటకి పోయే ఆడోళ్లు కాలువ గట్టు మీద బండిని చూసినారంట. ఆమె ఇంకా దూరంగా, రాళ్ల సందులో ఉండె. తల పగిలి, కుడి భుజం విరిగి. ఊపిరి ఉండాది. బళ్లారి పెద్దాస్పత్రికి తీసుకపోయినారు. కండ్లు తెరవలే.

గడియారము, డబ్బు లేవు. పాస్‌పోర్టు పక్కనే రాయి మీద పెట్టిండాదంట, గాలికి పోకుండా పైన చిన్న రాయి పెట్టి.

హొన్నూరప్ప ఏడుస్తా చెప్పినాడు. ఆదివారం ఆమె వాళ్ల అంగడి కాడ ఆగింది. ఆయప్ప అద్దానికుండే రెండు ముళ్లు చూసి, మంచితనానికే, "మేడం, రెండు టీ? ఫ్రెండ్ యాడ?" అని అడిగినాడంట. ఆమె నవ్వి, వేలు చూపించి, ఒక్కదాన్నే, ఓన్లీ మీ అన్యాదంట. అప్పుడు అంగట్లో ఆరేడు మంది ఉండ్రి. ఎవురెవురో గుర్తు లేదంటాడు. గుర్తు లేదని మూడుసార్లు చెప్పినాడు, నేను ఒకసారే అడిగినా.

పోలీసులు వచ్చినారు. ఒంటరిదని కొట్టినోళ్లకెట్ల తెలిసిందని అడిగినారు. దారం సంగతి ఎవురో చెప్పినట్లుండారు. వివేక్ దిష్టికి కడతాము సార్ అన్యాడు. నా దిక్కు చూసినారు. నేను తల ఊపినా.

బండి ఇచ్చినారు. అద్దానికి దారం లే.

ఈ కాగితం చించెయ్యి. కొట్రేశన్నతో ఏమీ మాట్లాడొద్దు.

రోహిణి


బళ్లారి
21 డిసెంబరు

రోహిణికి,

చించలేదు.

నిన్నటి నుంచి ఆస్పత్రిలో ఉన్నాను. ఎవరని అడిగినారు, అక్కనని చెప్పినాను. అక్కకి తెలుగు ముక్కు ఎందుకుందని ఎవరూ అడగలేదు. ఇలోనా మొహం సగం కనిపిస్తుంది. ఆ సగం నిద్రపోతున్నట్టు ఉంది. డాక్టరు బతుకుతుందని కాగితం మీద రాసి చూపించినాడు. తర్వాత ప్రశ్నార్థకం పెట్టినాడు.

హొన్నూరప్పను ఏమీ అనొద్దు. ఆ ప్రశ్న వాడిది కాదు, నాది. ఒక మనిషికి రెండు ముళ్లు వేయించి, రెండో మనిషి ఏది అని ఊరి చేత అడిగించింది నేను. దారం లేకుండా పోయి ఉంటే ఆమెను ఎవరూ ఏమీ అడగరు. నిన్ను ముడి విప్పమనాల్సింది. ఇంకో ముడి వేయమన్నాను. విప్పితే మీ అంగడి పోతుందని. నీ ఉపాయానికి నేను ఎర్ర పెన్ను పట్టుకున్నాను, నా ఉపాయానికి ఎవరూ పట్టుకోలేదు.

ఇప్పుడు ఒకటే అడుగుతున్నాను, జాగ్రత్తగా ఆలోచించు. బండి దొరికింది, గడియారం పోయింది. అమ్ముడుపోని దారం ఎవరికి కావాలి?

అవ్వ


23 డిసెంబరు

అవ్వా,

నువ్వడిగింది నేను ఆలోచించే పని లేకుండా పోయింది. దారం వచ్చింది.

నిన్న మధ్యాన్నం హరిబాబన్న వచ్చినాడు. అదే మంచం, అదే మూల. జేబులో నుంచి తీసి మంచం మీద పెట్టినాడు. నల్లదారము, రెండు ముళ్లు, బ్లేడుతో కోసింది. ముళ్లు నావే, నేను కొస లోపలికి తోసి వేస్తా, ఇంకెవురూ అట్ల వేయరు.

"నీదేమో చూడు పాపా. దారిలో పడుండె. ఇట్లాంటివి వదిలేస్తే పశువులు మింగుతాయి" అన్యాడు. టీ తాగినాడు. "కొత్త సంవత్సరం గిరాకీ వస్తాంది. అందరం బాగుండాల. ఇంక మీద ఉండేది ఉన్నట్లు కట్టు. ఒకరుంటే ఒకటి. అబద్ధం ముడి వేస్తే చూడు, ఎంత గందరగోళమాయనో" అన్యాడు. నా తల మీద చెయ్యి పెట్టి పోయినాడు.

వివేక్ తలుపు కాడ నిలబడి అంతా విన్యాడు. కాల్చెయ్యి అన్యాడు. నేను కాల్చినా అని చెప్పి, జొన్నల డబ్బాలో దాచినా. సాయంత్రం అన్నం తింటా తింటా అడిగినాడు: "మీ అవ్వ నీ కాగితాలు దాచిపెట్టుకుంటుందా, పారేస్తుందా?" మామూలుగానే అడిగినాడు. నా మొహం మాత్రం చూడలే. అవ్వా, ఆయప్ప చెడ్డోడు కాదు. భయపడినాడు అంతే. అంతేనేమో.

ఇంకోటి. నీ బళ్లారి కాగితం నాకు చేరేటప్పటికి కవరు మూత తడిగా ఉండె. కొత్త జిగురు.

నేను పోలీసులకి చెప్తే మా అంగడి పోతుంది. వివేక్ పోతాడేమో, స్టేషనుకో, నన్నిడిచో. చెప్పకుంటే రేపు ఎనిమిది బండ్లూ అడిగినారు, అందులో ఆరుగురు ఒంటరి ఆడోళ్లు. హరిబాబన్న మనిషి వచ్చి ముళ్లు చూసి పోతాడంట.

ఏం చేయాలో చెప్పు. ఈసారి ఉపాయం వద్దు.

రోహిణి


బళ్లారి
24 డిసెంబరు

రోహిణీ,

ఈ కాగితం కొట్రేశ్ చేతికి ఇవ్వలేదు. మన ఇంట్లో పనిచేసే దుర్గక్క నాకు మార్చుకునే బట్టలు తెచ్చిచ్చేందుకు ఆస్పత్రికి వచ్చింది. ఆమె చెల్లెలిది మీ పక్క ఊరే. ఆమె కొంగున కట్టి పంపుతున్నాను. జవాబు రాయొద్దు, చదివి ఆమెతోనే బయలుదేరు.

వివేక్ అడిగినదానికి జవాబు చెప్పు. దాచిపెట్టినాను. నీవన్నీ తేదీల వారీగా ఉన్నాయి, నావి నువ్వు దాచి ఉంటే అవీ తీసుకురా. వాటిలో నీ తప్పు ఉంది, నా తప్పు ఉంది, పదకొండు అంగళ్లు ఉన్నాయి, హరిబాబు మంచం మీద కూర్చున్న రెండు రోజులూ ఉన్నాయి. మనకి ఏది బాగుంటుందో అది మాత్రమే చింపి ఇవ్వడం కుదరదు. మొత్తం పోలీసులకి ఇస్తాను. నా శిష్యుడు మాధవ ఇక్కడ వకీలు. నిన్న రెండు గంటలు కూర్చుని చదివినాడు. నీ మీద కూడా కేసు రావచ్చు అన్నాడు, దాచలేదు. ముందుగా వచ్చి చెప్పినవాళ్ల మాటకి బరువుంటుందని కూడా అన్నాడు. నేను ఆ రెండూ నీకు రాస్తున్నాను, తేలికైనది ఒకటే రాయడం మానేసినాను.

ఇవాళ అద్దెకి ఒక్క బండి కూడా ఇవ్వొద్దు. తాళాలన్నీ చేతిసంచిలో వేసుకో. ఆ ఆరుగురిని ఏదో ఒక సాకు కాదు, నిజం చెప్పి పంపు: ఈ దారం దిష్టికి కాదు, మీ ధరకి, మీరు ఒంటరి అని చెప్పడానికి అని. ఇంగ్లీషు రాకపోతే, దీంతో పాటు వేరే చీటీ మీద రాసి పెట్టినాను, అది చూపించు. వాళ్లు నిన్ను తిడతారు. తిట్టించుకో.

దారం జొన్నల నుంచి తీసి తెల్ల కాగితంలో మడిచి పెట్టు, ముడి మాత్రం ముట్టుకోవద్దు. వివేక్‌ని రమ్మని ఒకసారి అడుగు. ఒక్కసారే. వస్తే ముగ్గురం పోదాం. రాకపోతే వాడు తలుపు దగ్గర నిలబడి ఉండగానే బయలుదేరు, సర్దుకోవడానికి లోపలికి పోవద్దు. దుర్గక్క ఆటో తెచ్చి రోడ్డు మీద ఉంటుంది. హరిబాబు ఎదురుపడి ఎక్కడికి పాపా అంటే అవ్వకి బాగాలేదు అను. అబద్ధం కాదు.

భయంగా ఉంటుంది. నాకూ ఉంది. ఈ వార్డు కిటికీ కింద పొద్దున్నుంచి ఒక తెల్ల కారు ఆగి ఉంది. ఎవరిదో కావచ్చు. ఇలోనా మంచం నేను కిటికీ నుంచి అటు పక్కకి జరిపించినాను, ఎండ పడుతోందని నర్సుతో చెప్పి. పొద్దున ఆమె కళ్లు తెరిచింది. నన్ను చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియదు. గుర్తుపట్టినప్పుడు ఏమి చెప్పాలో రాసి పెట్టుకున్నాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, మూడు సార్లు దిద్దినాను, ఇంకా బాగాలేదు.

వచ్చేటప్పుడు గంగావతి బస్టాండు దగ్గర దిగి రెండు పనులు చూసుకో. నీ ఆధార్ కార్డు జెరాక్సు రెండు కాపీలు. తర్వాత ఇలోనాకి మెత్తని నూలు నైటీలు రెండు, పెద్ద సైజు, ముందు గుండీలు ఉండేవి. తల మీదుగా తొడిగేవి తేవొద్దు, ఆమె మెడ ఎత్తలేదు. కుడి చేయి కట్టుతో లావుగా ఉంది, కాబట్టి కుడి పక్క కుట్టు చంక నుంచి కింది దాకా విప్పించి, రెండు వైపులా నాడాలు పెట్టించు. దర్జీ ముందర నిలబడి చేయించు. నాడాలు బయటి వైపు రావాలి, లోపల పెడితే ఒరుసుకుంటాయి.

అవ్వ